మూన్‌స్టోన్ నవలయుఁ బాఠకాభిప్రాయ చరిత్రయు

ముడి విడినవెనుకఁ బొడుపుకథకు విలువ లేదని పండితులలోఁ బలువురందురు. రహస్యకథలను, అపరాధపరిశోధక నవలలను పాఠశాలా గ్రంథాలయములఁ జేర్పవలదని వాదించువారి ప్రధానయుక్తియు నిదియే. నేనును జిరకాల మా పక్షముననే యుంటిని. ఈ యుక్తి యెంతవఱకు నిలుచునో చూచుటకై, పుట్టిననాఁటినుండి నేఁటివఱకుఁ జదువరుల తీర్పులు వ్రాఁతలో లభించుచున్న యొక నవలను దీసికొని పరిశీలింపఁ దలఁచితిని. అది విల్కీ కాలిన్స్ (1824–1889) అను నాంగ్ల నవలాకారుఁడు రచించిన ‘ది మూన్‌స్టోన్’.

కథాసారము క్లుప్తముగాఁ జెప్పెదను. 1799 వ సంవత్సరము మే 4 వ తేదీని శ్రీరంగపట్టణ మాంగ్లేయుల వశమైన దినమున జాన్ హెర్న్‌కాసిల్ అను సైనికుఁడు కావలియున్న ముగ్గురు బ్రాహ్మణులఁ జంపి యొక పసుపుపచ్చని వజ్రము నపహరించును. చంపుచుండఁగాఁ జూచిన సాక్షి లేఁడు. కథ యట్లు సూచించును. ఆ వజ్ర మతని మరణశాసనముచేత మేనకోడలగు రేచెల్ వెరిండరునకు 1848 జూన్ 21 వ తేదీని, ఆమె పుట్టినదినమున, యార్క్‌షైరులోని యింటఁ జేరును. నాఁటి రాత్రియే మాయమగును. ఇల్లెల్ల ననుమానముల పాలగును. దొంగ యెవఁడో నే నిచ్చటఁ జెప్పను. చదువనివా రింకను గలరు. కథ నొక్కరు చెప్పరు. వృద్ధుఁడగు గృహనిర్వాహకుఁడు, మతోన్మాదము గల పేదచుట్టము, న్యాయవాది, వైద్యుని సహాయకుఁడు మొదలగువారు తాము స్వయముగాఁ జూచినంతమట్టునకే చెప్పుదురు. దండి దశకుమారచరితమున రాకుమారులు తమ తమ వృత్తాంతములఁ దామే చెప్పు పద్ధతి యెఱిఁగిన మనవారి కిది క్రొత్తగాఁ దోఁపదు. భేద మొక్కటి: దండి కుమారులు తమ కెఱుకపడినదానిని దాఁపరు; ఇందలి వక్తలు దాఁతురు, పొరపడుదురు, ఒక్కొకప్పుడు తమకుఁ దామే తెలియకుందురు.

ఇచ్చట వ్యాకరణసంబంధమైన యొక మాట. కాలిన్స్ తన వజ్రము సోమనాథమునందలి చంద్రదేవుని నుదుటి దనియు, చంద్రునితోఁబాటు దాని కాంతి పెరుగుచుఁ దఱుగుచు నుండుననియుఁ గల్పించెను. సోమనాథశబ్దమును ‘సోముఁడే నాథుఁడు’ అని కర్మధారయముగా గ్రహించినచో నీ కల్పన పొసఁగును. సంప్రదాయార్థము ‘సోమునకు నాథుఁడు’ అను షష్ఠీతత్పురుషము. దక్షశాపమున క్షీణించిన చంద్రుఁడు ప్రభాసక్షేత్రమున నారాధించిన శివుఁడని యర్థము. విగ్రహవాక్యము మాఱుటచేత దేవుఁడే మాఱిపోయెను. మఱియు మన కవులు వర్ణించు చంద్రకాంతశిల వెన్నెల సోఁకఁగాఁ జెమ్మగిల్లునది, ఇదియో వజ్రము. కావుననే పేరును దెలిఁగింపక యాంగ్లనామమునే వాడుచున్నాను.

ఈ నవల చార్లెస్ డికెన్స్ నడపిన ‘ఆల్ ది ఇయర్ రౌండ్’ అను వారపత్రికలో 1868 జనవరి 4 మొదలు ఆగష్టు 8 వఱకు 32 భాగములుగా వెలువడెను. పత్రిక వెల రెండు పెన్నీలు. ధారావాహిక ముగియకముందే, జూలైలో, టిన్‌స్లీ సోదరులు దానిని మూఁడు సంపుటములుగాఁ బ్రకటించిరి. అట్టి నవల వెల నాఁడు ముప్పదియొకటిన్నర షిల్లింగులు. అంత సొమ్ము పెట్టి కొనువా రరుదు. చందా కట్టినవారికిఁ బుస్తకములు తిప్పు మ్యూడీ గ్రంథాలయమువంటివానినుండియే పలువురు తెచ్చుకొనిరి. ఇందుచే నొక వింత సంభవించెను. చందా కట్టఁగలవారి యిండ్లలో దొంగపేరు తెలిసినపిదపఁగూడఁ గొన్ని వారములు రెండు పెన్నీల చదువరి యుత్కంఠతోనే యుండెను. ఒకే నగరమున, ఒకే మాసమున, ఒకే గ్రంథమునుగూర్చి రెండు తెగల పాఠకులు! నాఁటి యభిప్రాయములను దూఁచువాఁడు వ్రాసినవాఁడే తెగకుఁ జెందినవాఁడో మొదట విచారింపవలయును.

రెండు పెన్నీల తెగవారు వ్రాసి పెట్టలేదు. వారినిగూర్చి చెప్పినవాఁడు విలియం టిన్‌స్లీ. అతఁడు 1900 వ సంవత్సరమునఁ బ్రకటించిన తన జ్ఞాపకములలో, భాగము వెలువడు దినమున వెల్లింగ్టన్ వీధిలోని పత్రికా కార్యాలయముకడ జనము గుమిగూడెడివారనియు, మోతగాండ్రును బనికుఱ్ఱలును వీఁపున మూటలుండఁగనే మూలల నొదిఁగి చదివెడివారనియు, వజ్రము తుద కెచ్చట దొరకునో యని పందెములు సయితము వైచుకొనిరనియుఁ జెప్పినాఁడు. ఇది ముప్పదియేండ్లు గడచినతరువాతి జ్ఞాపకము. అందును బుస్తకము నమ్ముకొన్నవాని మాట. కొంత తఱుగు తీయవలసినదే. ఐనను మూటలు దింపకయే చదివిన మోతగాండ్రను గల్పించుటకుఁ బ్రకాశకున కేమి లాభము? ఆ యంశమును నేను నమ్ముచున్నాను.

ఇఁక విమర్శకులు. అప్పటికే యాంగ్లదేశమున నిట్టి నవలలకు ‘సెన్సేషన్ నవల’ లని పేరు, చెడ్డపేరు, వచ్చియుండెను. మార్గరెట్ ఓలిఫంట్ 1862 లో ‘బ్లాక్‌వుడ్స్’ పత్రికయందును, ఆక్స్‌ఫర్డు తత్త్వశాస్త్రాచార్యుఁడగు హెన్రీ మాన్సెల్ 1863 లో ‘క్వార్టర్లీ రివ్యూ’ యందును వీనిని విమర్శించిరి. ఇవి బుద్ధిని గాక నరములను దాఁకునవని మాన్సెల్ యాక్షేపము. ఓలిఫంట్ తీర్పు కొంత మెత్తన. కాలిన్స్ నేర్పు నామె కాదనలేదు.

1868 జూలై 25 వ తేదీని ‘మూన్‌స్టోన్’ మీఁద రెండు తీర్పు లొక్కనాఁడే వెలువడినవి. ‘స్పెక్టేటర్’ ఈ నవల కాలిన్స్ కీర్తికిఁ దగినది కాదనెను. పూర్వనవలలలోవలె మనస్సున నిలుచు పాత్రలు లేవని దాని కొఱఁత. కొలఁదిదినములకు ముందు ‘పాల్ మాల్ గెజెట్’ పత్రికయు దీనిని రహస్యద్వారములతోను గట్టుడుగడ్డములతోను జేయు గారడితోఁ బోల్చియుండెను. ‘అథీనియం’ మాత్రము మెచ్చుకొన్నది. సంతకము లేని యా సమీక్షను వ్రాసినది జెరాల్డీన్ జూస్‌బరీ యని యా పత్రికవారి గుర్తులు పెట్టిన ప్రతులవలన నిర్ణయమైనది. ఆమె చెప్పిన మాట నా చర్చకుఁ బట్టుగొమ్మ. మిక్కిలి యాఁకొన్నవానికి వంటలోని మెలఁకువలు రుచింపవు. ఆఁకలి తీఱినపిదపఁగదా వంటవాని నేర్పు తెలియును. అట్లే వారము వారము తునుకలుగాఁ దినుచు వచ్చిన చదువరులు కడపటి సంపుటముమీఁదఁ బడి తినివేయుదురు గాక. పిమ్మట మొదటినుండి మరలఁ జదువుఁడు, అప్పుడు నిర్మాణచాతుర్యము గానవచ్చును అని యామె యభిప్రాయము. ముడి విప్పినవెనుక విలువ లేదను వాదమునకు గ్రంథము పుట్టిన నెలలోనే యిట్లొక ప్రత్యుత్తరము పుట్టినది.

డికెన్స్ తీర్పు వేఱొకరీతిగ మాఱినది. 1867 జూన్ చివర మొదటి భాగములఁ జదివి, యిది వన్యమైయుండియు గృహసంబంధి యనియు, మంచి పాత్రలును గొప్ప రహస్యమును గలదనియు సహాయసంపాదకుఁడగు విల్స్‌నకు వ్రాసెను. 1868 జూలై 26 వ తేదీని, పుస్తకము పూర్తిగా వెలువడినపిదప, నదే విల్స్‌నకు దీని నిర్మాణము విసుగు పుట్టించుననియు, నిందలి మొండియహంకారము చదువరులను శత్రువులఁ జేయుననియు వ్రాసెను. జూస్‌బరీ నిర్మాణమును మెచ్చిన మఱునాఁడే డికెన్స్ నిర్మాణమును దిట్టుట గమనింపఁదగినది. కాలిన్స్ తమ్ముఁడు డికెన్సునకల్లుఁడు. బంధుత్వమున నేమి చిక్కులుండెనో యీ మాటల కాలోచింపవలసియున్నది. 1870 లోఁ దాను చనిపోవునాఁటి కసంపూర్ణముగా విడిచిన ‘ఎడ్విన్ డ్రూడ్’ కూడఁ గుటుంబరహస్యకథయే. శత్రువులను జేయు పద్ధతి నతఁడే చేపట్టెను!

పాఠకుల యుత్కంఠకుఁ గథలోనిది కాని కారణ మొకటి యుండెను. 1860 జూన్ 30 వ తేదీని విల్ట్‌షైరులోని రోడ్ గ్రామమున నొక సంపన్నగృహమున మూఁడేండ్ల బాలుఁడు చంపఁబడెను. లండనునుండి వచ్చిన పరిశోధకుఁడు విచర్, కనఁబడని రాత్రిదుస్తు నాధారముగాఁ గొని, బాలుని సవతియక్క కాన్‌స్టన్స్ కెంటు ననుమానించెను. పెద్దయింటి కన్యకు నింద మోపిన యా తక్కువయింటి యుద్యోగిని దేశమంతయుఁ దూఱెను. ఆమె విడుదల యయ్యెను. 1865 లో నామెయే నేర మొప్పుకొనెను. కాలిన్స్ నవలలోఁ గనఁబడని రాత్రిదుస్తు గలదు. పెద్దయింటి కన్య ననుమానించు సార్జంటు కఫ్ గలఁడు. కఫ్ యనుమానపడు చోటఁ జదువరి యేమి చేయవలయును? విచర్‌ను దూఱినవారే యిప్పుడు చదువరులు. ఏడెనిమిదేండ్లకు ముందు తాము చేసిన పొరపాటును మరలఁ జేయుదురో, దానికి వెఱచి మఱియొక పొరపాటు చేయుదురో యని గ్రంథకర్త వారిని బరీక్షించినట్లు నాకుఁ దోఁచుచున్నది. పందెములు వైచుకొనినది వజ్రముపైననే కాదు.

ఇఁక మన దేశసంబంధము. 1857 నాఁటి విప్లవము జరిగి పదునొకండేండ్లే యయ్యెను. డికెన్స్ యా సంవత్సరము అక్టోబరులో నొక లేఖయందు హిందూదేశీయజాతిని నిర్మూలింపఁగోరినట్లు వ్రాసియుండెను. కాలిన్స్ 1858 ఫిబ్రవరిలో సిపాయిలకు ధర్మోపదేశమను పేరఁ బ్రకటించిన చిన్న వ్యాసము, వారి దేశపు వాఙ్మయమునుండియే వారికి నీతి బోధింపవచ్చునను ధోరణిది. పదేండ్ల పిమ్మట నీ నవలలో ముగ్గురు బ్రాహ్మణులు సముద్రము దాఁటి, కులము గోలుపోయి, గారడివాండ్ర వేషమున నాంగ్లదేశమునఁ దిరుగుదురు. కడపట వజ్రము సోమనాథమునఁ జేరఁగా, వారు ప్రాయశ్చిత్తార్థము మూఁడు త్రోవల విడిపోవుదురు, మరల నొకరి మొగ మొకరు చూడరు. ఈ ఘట్టమునఁ గన్నీరు రాక మానదని ‘అథీనియం’ సమీక్షలో జూస్‌బరీ వ్రాసినది. 1868 నాఁటి యాంగ్లపాఠకురాలు బ్రాహ్మణులకై కన్నీరు విడుచుట సామాన్యము కాదు. అది పొడుపుకథ చదివినవారి మాటయా?

ఐనను గ్రంథకర్తయే 1877 లో ఒలింపిక్ నాటకశాలకై దీనిని రూపకముగా మార్చినపుడు శ్రీరంగపట్టణమును, బ్రాహ్మణులను, సోమనాథమును దీసివైచెను. మిగిలినది ముడి మాత్రమే. నాటకము నిలువలేదు. ఒకశతాబ్దము గడచి 1973 లో జాన్ రీడ్ అను విమర్శకుఁడు, ఇందలి యసలు దొంగతనము యార్క్‌షైరులోనిది కాదు, 1799 లో శ్రీరంగపట్టణమున జరిగినదే; దానిని సంఘము నేరముగా నొప్పుకొనకుండుటయే కథయందలి దాఁగిన విషయము అని వ్రాసెను. 1993 లో ఆశీశ్ రాయ్ దీనిని ఖండించి, సామ్రాజ్యభావమునే యీ నవల వేఱుమార్గమున బలపఱచునని వాదించెను. రాయ్ వాదమునఁ గొంత నిజమున్నది: బ్రాహ్మణులకుఁ గథ చెప్పు నవకాశ మియ్యఁబడలేదు, ఇంత మంది వక్తలలో వారొక్కరును లేరు. కాని మొదటిపుటలోని హత్యను గడపటిపుటవఱకు మఱవనీయని గ్రంథమును సామ్రాజ్యస్తుతి యనుటకు నా మనస్సొప్పదు. రీడ్ పక్షమే నాకు సమ్మతము.

టి. ఎస్. ఎలియట్ 1928 లో దీని నాంగ్ల పరిశోధకనవలలలో మొదటిదియు, మిక్కిలి పెద్దదియు, నుత్తమమైనదియు నని చెప్పిన మాట ప్రసిద్ధము. ‘మొదటిది’ అనుట వివాదాస్పదము; దానినే యందఱు నుదాహరింతురు. భరతుఁడు నిర్వహణసంధియం దద్భుతరసము నిత్యముగాఁ జేయవలెనని విధించినాఁడు. అద్భుతము తెలియనిది తెలియుటవలనఁ బుట్టునదేయైనచో శాకుంతలమును రెండవసారి చూచువాని కుంగరము దొరకుచోట రసమే కలుగరాదు. కళాపూర్ణోదయకథ ముడిని తెలిసియే మనము తరతరములుగాఁ జదువుచున్నాము. కట్టమంచి రామలింగారెడ్డిగారు 1914 లో కవిత్వతత్త్వవిచారమున మెచ్చినది దాని కథాసంవిధానమునే కదా.

ఇంటిమాట యొకటి చెప్పెదను. నా భార్యకు నవల చేతికి రాఁగానే కడపటి పుటలు ముందు చదువుట వాడుక. దీనికై నే నామెను బలుమాఱు వేళాకోళము చేసితిని. జన్మదినపు విందులో వైద్యుఁడు క్యాండీకిని, యువకుఁ డొకనికిని మందులనుగూర్చి చిన్న వాగ్వాదము జరుగును. నేను మొదటిసారి నవ్వుకొని దాఁటిపోయితిని. రెండవసారి చదువునపుడుగాని యచ్చట నిలువలేదు. ఆమె మొదటిసారియే యచ్చట నాఁగినది. ఆ పుటకడ నామె యుంచిన వేపాకు నా ప్రతిలో నిప్పటికిని గలదు.