మెకంజీ పేరులోని జకారము

కైఫీయత్తుల మూలముగా కల్నల్ కాలిన్ మెకంజీ పేరు తెలుగువారికి చిరపరిచితము. ఏలూరికి చెందిన కావలి సోదరుల సాయముతో మన గ్రామచరిత్రలను సేకరింపజేసిన ఆ స్కాట్లండు దేశీయుడు 1821లో మరణించెను. ఆయనను మనము మెకంజీ అనుచున్నాము. ఆయన పూర్వికులు మాత్రము తమ వంశనామమును అట్లు పలికినవారు కారు. అందలి జకారము అచ్చుయంత్రము తెచ్చిపెట్టినది.

స్కాట్లండు ఉత్తరభాగమున, కొండసీమలలో వాడుకనున్న గేలిక్ భాషలో 'మాక్' అనగా కొడుకు. ఇంగ్లీషులో కెన్నెత్ అని వ్రాయు పేరు ఆ భాషలో 'కోన్యఖ్'. కెన్నెత్ కొడుకు సంతతివారు గనుక వీరికి ఆ పేరు వచ్చినది. పేరు నడుమనున్న ధ్వని మన ఞకారమునకు మిక్కిలి చేరువ. స్కాట్సు భాషలో ఈ ధ్వనిని వ్రాయుటకు లేఖకులు నకారము ప్రక్కన 'యోఖ్' అను పాత అక్షరమును చేర్చెడివారు. చూపునకు అది తోకగల జెడ్ వలె నుండును.

1508లో ఎడింబరోలో చెప్‌మన్, మిల్లర్ అనువారు ముద్రణ ప్రారంభించిరి. విదేశములనుండి వచ్చిన అచ్చులలో యోఖ్ లేదు. కూర్పరులు ఆ స్థానమున జెడ్‌ను కూర్చిరి. క్రమముగా చదువరులు కంటిని నమ్మిరి, చెవి ఓడిపోయెను! అయినను, 1691లో మరణించిన సర్ జార్జి మెకంజీ అను కఠినుడగు ప్రభుత్వ న్యాయవాదిని సామాన్యజనము 'నెత్తుటి మెకింగి' యనియే పిలిచిరి. పాత పలుకుబడి వారి నోట నిలిచినది.

'మాక్' అని పూర్తిగా వ్రాయువారు స్కాట్లండువారనియు, ఎం, సీ అని పొట్టిగా వ్రాయువారు ఐర్లండువారనియు ఒక నమ్మకము కలదు. అది వట్టి అపోహ. రెండును ఒకే మాటకు రూపములు. ఒకే మనిషి పేరును వేర్వేరు గుమాస్తాలు వేర్వేరు విధముల వ్రాసెడివారు. వర్ణక్రమమును బట్టి వంశములను వేరుచేయబూనుట తగదని నా అభిప్రాయము. మన ప్రాచీన శాసనములలోని ఒక అక్షరము మాయమై, ఒకే రాజవంశనామము 'చోడ' యనియు 'చోళ' యనియు నిలువలేదా?

మైకు ముందు కూర్చుండు మాబోటివారికి ఇది మరియొక చిక్కు. ఇదే జెడ్ గల మరొక వంశనామమును స్కాట్లండులో 'మింగిస్' అందురు. 1939-41లోను, మరల 1949-66లోను ఆస్ట్రేలియా ప్రధానియైన రాబర్ట్ పేరు అదియే. అచ్చటివారు దానిని వ్రాసినట్లే మెంజీస్ అని పలికిరి. ముద్దుపేరు మాత్రము 'మింగ్' అని పెట్టిరి.