మంచు దేశపు తల్లి పాలు, మన మట్టి గోడల మీద డీడీటీ

"డీడీటీని ప్రపంచమంతా నిషేధించారట కదా, మరి మన ఏజెన్సీ ఊళ్లలో ఎందుకు కొట్టుకుంటూ వచ్చారు, మనం మనుషులం కాదా?" అని ఈమధ్య ఇక్కడ ఒక తమ్ముడు అడిగాడు. కింద కామెంట్లలో కొందరు కుట్ర అన్నారు, కొందరు అదంతా ఏమీ లేదన్నారు. మా హాస్టల్లో నలుగురం కూర్చుని దొరికినంత చదివాం. జవాబు ఒక్క ముక్కలో చెప్పేది కాదు. పైగా ఈ చరిత్ర నడిమధ్యలో నిలబడ్డది ఎక్కడో ఉత్తర ధ్రువం దగ్గరున్న ఆదివాసీ తల్లులు. అందుకే పోస్టు పెద్దదైంది, ఓపిక చేసుకుని చదవండి.

డీడీటీ 1874లోనే ల్యాబులో తయారైంది. దానికి పురుగుల్ని చంపే గుణం ఉందని స్విట్జర్లాండ్‌కి చెందిన పాల్ ముల్లర్ 1939లో కనిపెట్టాడు. రెండో ప్రపంచ యుద్ధంలో సైనికుల పేల మీద వాడారు, తర్వాత దోమల మీదకి మళ్లించారు. 1948లో ముల్లర్‌కి నోబెల్ బహుమతి కూడా వచ్చింది. మన దేశంలో 1953లో జాతీయ మలేరియా నియంత్రణ కార్యక్రమం మొదలయ్యే నాటికి ఏటా సుమారు 7.5 కోట్ల మందికి మలేరియా వచ్చేదని, 8 లక్షల మంది చనిపోయేవారని అంచనా. 1965 వచ్చేసరికి కేసులు లక్షకి దిగాయి. ఈ మాట తేలిగ్గా తీసుకోకూడదు. కొండ జ్వరంతో ఇల్లు ఖాళీ అయిన కథలు మన తాతలు చెప్పేవే. ఆ తర్వాత దోమ మందుకి అలవాటు పడింది, పనిలో అలసత్వం వచ్చింది, 1976లో కేసులు మళ్లీ 64 లక్షలు దాటాయి.

అసలు గోడలకే ఎందుకు కొడతారో మనలో చాలామందికి ఎవరూ చెప్పలేదు. ఆడ దోమ రక్తం తాగాక బరువెక్కి దగ్గర్లో ఉన్న గోడ మీద వాలుతుంది. చదరపు మీటరుకి ఒక గ్రాము లెక్కన గోడ మీద మందు ఉంటే అక్కడే చస్తుంది. రెండు మూడు నెలల దాకా ఆ మందు అలాగే ఉంటుంది కాబట్టి, కొట్టాక గోడ అలకొద్దంటారు. మనవేమో మట్టి ఇళ్లు. పండగొస్తే ఎర్రమట్టితో, పేడతో అలకకుండా ఏ అమ్మ ఊరుకుంటుంది? అలికితే మందు కిందకి పోతుంది, దోమ పైన హాయిగా కూర్చుంటుంది. దానికి "వీళ్లకి అవగాహన లేదు" అని మాట పడేది మనవాళ్లే. అవగాహన కలిగించాల్సినవాళ్లు వచ్చేది పంపు భుజాన వేసుకుని మధ్యాహ్నం లోపు ఊరు పూర్తి చెయ్యడానికి.

గోడ మీద నెలల తరబడి చెడకుండా ఉండడం వల్లే డీడీటీకి అంత పేరొచ్చింది. భయం మొదలైంది కూడా ఆ గుణం వల్లే. ఎండకీ వానకీ మట్టికీ ఇది తొందరగా విరగదు. నీళ్లలో కరగదు, కొవ్వులో కరుగుతుంది. అందుకే ఒంట్లోకి వెళ్తే ఒంట్లోనే ఉండిపోతుంది. చిన్న చేప తిన్నది పెద్ద చేపకి, పెద్ద చేప తిన్నది దాన్ని తిన్న జంతువుకి, ఒక్కో మెట్టుకీ కొవ్వులో పోగవుతూ పోతుంది. అమెరికాలో రేచల్ కార్సన్ 1962లో "సైలెంట్ స్ప్రింగ్" పుస్తకంలో ఈ సంగతి రాస్తే పురుగుమందుల కంపెనీలు ఆమె మీద విరుచుకుపడ్డాయి. పదేళ్లకి, 1972లో, ఆ దేశం డీడీటీ వాడకాన్ని దాదాపు పూర్తిగా ఆపేసింది.

ఇక మంచు దేశానికి వద్దాం. 1980ల్లో కెనడాలోని క్విబెక్‌లో ఎరిక్ డెవాయి అనే డాక్టరు తల్లి పాలల్లో విష రసాయనాలు ఎంతున్నాయో కొలుస్తున్నాడు. ఫ్యాక్టరీలున్న దక్షిణాది పాలతో పోల్చడానికి కల్తీలేని పాలు కావాలి కదా. ఫ్యాక్టరీ లేదు, పొలం లేదు, పురుగుమందు లేదు, అంతా మంచే అనుకుని ఉత్తరాన ఉన్న ఇనూయిట్ తల్లుల పాలు తెప్పించాడు. ఆ పాలల్లో పీసీబీలనే రసాయనాలు దక్షిణాది తల్లుల కంటే దాదాపు ఐదు రెట్లు ఉన్నాయి. పీసీబీలంటే ట్రాన్స్‌ఫార్మర్ల నూనెలో, కరెంటు సామాన్లలో వాడినవి.

అవి అంత దూరం ఎలా వెళ్లాయి? ఈ రసాయనాలు వేడి దేశాల్లో ఆవిరై గాలిలోకి లేస్తాయి, చల్లగా ఉన్నచోట దిగుతాయి, మళ్లీ లేస్తాయి. మిడత గెంతినట్టు గెంతుకుంటూ చివరికి ధ్రువం దగ్గర చలికి ఆగిపోతాయి. అక్కడ సముద్రంలో చేపకి, చేప నుంచి సీల్‌కి, తిమింగలానికి చేరతాయి. ఇనూయిట్ల తిండి అదే. బియ్యం, కూరగాయలు పండే నేల కాదది. విమానంలో వచ్చే దుకాణం సరుకు ధర ఆకాశంలో ఉంటుంది. వేట మానెయ్యమంటే ఆకలే కాదు, బతుకు తీరే పోతుంది. పాలు మాన్పించడమూ కుదరదు, బిడ్డకి తల్లి పాలకి మించింది లేదు. అందుకని డాక్టర్లు కూడా పాలివ్వండి, మీ తిండి మీరు తినండి అనే చెప్పాల్సి వచ్చింది. ఆ తల్లి ఏ మనసుతో పాలిచ్చి ఉంటుందో మనం ఊహించుకోవాల్సిందే.

ఇలాంటి రసాయనాల మీద ప్రపంచ ఒప్పందం కోసం చర్చలు 1998 జూన్‌లో మాంట్రియల్‌లో మొదలయ్యాయి. ఇనూయిట్ల తరఫున షీలా వాట్ క్లూటియే వెళ్లారు. 1999లో నైరోబీలో జరిగిన సమావేశంలో ఆమె తల్లీబిడ్డల బొమ్మ ఒకటి, ఇనూయిట్లు చెక్కింది, ఐక్యరాజ్య సమితి పర్యావరణ కార్యక్రమం అధిపతి క్లాస్ టాప్ఫర్‌కి బహూకరించారు. ఆ బొమ్మని తర్వాతి చర్చల్లో అధ్యక్షుడి బల్ల మీద పెట్టారు. ప్రతి దేశం ప్రతినిధీ మాట్లాడేటప్పుడు దాన్ని చూస్తూ మాట్లాడాలి.

పేచీ వచ్చింది డీడీటీ దగ్గరే. 2007 కల్లా పూర్తిగా ఆపెయ్యాలని వరల్డ్ వైల్డ్‌లైఫ్ ఫండ్ అడిగింది. వద్దంటూ వందలమంది మలేరియా డాక్టర్లు, శాస్త్రవేత్తలు సంతకాలు పెట్టారు. దక్షిణాఫ్రికా అనుభవం అప్పటికి కళ్లముందే ఉంది: 1996లో డీడీటీ మానేసి వేరే మందుకి మారితే, దానికి లొంగని దోమ తిరిగొచ్చి, 2000 నాటికి కేసులు 60 వేలు దాటాయి. మళ్లీ డీడీటీ తెచ్చుకున్నారు.

మాకు బాగా నచ్చింది ఇక్కడ ఇనూయిట్లు నిలబడిన తీరు. డీడీటీ ఆగితే లాభపడేవాళ్లలో వాళ్లు ముందుంటారు. అయినా వేరే ప్రాంతాల జనం ప్రాణాల మీదకి తెచ్చే ఒప్పందంలో మేం భాగం కాలేమని వాళ్లు చెప్పారు. దక్షిణాది తల్లి తన బిడ్డని మలేరియా నుంచి కాపాడుకోవాలి, ఉత్తరాది తల్లి తన పాలని కాపాడుకోవాలి, ఒకరి కోసం ఇంకొకరు బలి కాకూడదన్నది వాళ్ల వాదన. మన పేరు వాళ్లకి తెలియకపోవచ్చు. కానీ ఆ దక్షిణాది తల్లుల్లో మన అమ్మమ్మలూ ఉన్నారు.

చర్చలు 2000 డిసెంబరులో జొహన్నెస్‌బర్గ్‌లో ముగిశాయి. 2001 మే 22న స్టాక్‌హోమ్‌లో ఒప్పందం ఆమోదించారు, 2004 మే 17 నుంచి అమల్లోకి వచ్చింది. మొదటి జాబితాలో 12 రసాయనాలు. ఎక్కువ వాటిని పూర్తిగా ఆపాలి. డీడీటీని మాత్రం వేరే జాబితాలో పెట్టి, పొలాల్లో వాడొద్దు, దోమల లాంటి రోగవాహకాల మీద వేరే దారి లేనప్పుడు వాడొచ్చు అన్నారు. మన దేశం 1989లోనే వ్యవసాయంలో దాన్ని ఆపింది, 2006 జనవరిలో ఒప్పందంలో చేరింది. కాబట్టి తమ్ముడూ, మన గోడలకి కొట్టింది దొంగచాటు వ్యవహారం కాదు, ఒప్పందంలో రాసి ఉన్న మినహాయింపే. ఇప్పుడు చాలా ఏజెన్సీ ఊళ్లలో వేరే మందులు కొడుతున్నారు, దోమతెరలు ఇస్తున్నారు. డీడీటీకి దోమ లొంగకపోవడం దానికి పెద్ద కారణం. మినహాయింపు ఉన్నంత మాత్రాన ఆ మందు గురించి మనకి చెప్పకుండా కొట్టే హక్కు వస్తుందా అన్నది వేరే ప్రశ్న. రాదనే మేం అంటాం.

ప్రభుత్వాలు ఎప్పుడూ ముందుండి ఆపుతాయని కూడా అనుకోవద్దు. ఎండోసల్ఫాన్ సంగతే చూడండి. కేరళ కాసరగోడ్‌లో ప్రభుత్వ సంస్థ జీడితోటల మీద 1970ల చివరి నుంచి 2000 దాకా హెలికాప్టర్లతో చల్లారు. పుట్టుకతోనే వైకల్యాలు, నరాల జబ్బులు వచ్చాయని ఊళ్లకి ఊళ్లు మొత్తుకున్నా, నిషేధం వద్దని అంతర్జాతీయ సమావేశాల్లో అడ్డుపడింది మన దేశమే. 2011 ఏప్రిల్‌లో జెనీవాలో దాన్ని జాబితాలో చేర్చారు, మే 13న మన సుప్రీంకోర్టు ఆపింది. 2017లో బాధితులకి తలా 5 లక్షలు ఇవ్వాలని కేరళని ఆదేశించింది. అదే ఎండోసల్ఫాన్‌ని మన పత్తి చేలల్లోనూ డబ్బాలకి డబ్బాలు కొట్టారు, దాని లెక్క తీసినవాళ్లు మాత్రం మాకు కనపడలేదు.

జాబితా పెరుగుతూనే ఉంది. 2025లో క్లోర్‌పైరిఫాస్‌ని కూడా చేర్చారు, కొన్ని వాడకాలకి గడువులిచ్చి. పురుగుమందుల కొట్లో మనం అడిగి కొనుక్కునే పేరే అది.

ఇక మీ వంతు. మీ ఊళ్లో పెద్దవాళ్లని, ముఖ్యంగా అమ్మమ్మల్ని, నాయనమ్మల్ని అడిగి కింద రాయండి: మందు కొట్టేవాళ్లు మొదట ఎప్పుడొచ్చారు, పొడి ఏ రంగు, వాసన ఎలా ఉండేది, గిన్నెలు, గింజలు బయట పెట్టమని చెప్పారా, ఎప్పటి నుంచి మందు మారింది. ఊరి పేరు, మండలం తప్పకుండా రాయండి. వచ్చినవన్నీ ఒకచోట చేర్చే పని మా హాస్టల్ వాళ్లం చూసుకుంటాం.