ముత్యంధారకు వెళ్లేముందు

శామీర్‌పేట దాటి రాజీవ్ రహదారి మీద కాస్త ముందుకు పోతే తుర్కపల్లి. జీనోమ్ వ్యాలీ కంపెనీలు ఇక్కడే ఉన్నాయి. టీకాలు, మందులు తయారయ్యే ఈ చోటికి ఏజెన్సీ ఊళ్ల నుంచి పనికి వచ్చినవాళ్లలో మేమూ కొందరం. వానాకాలం మొదలైతే చాలు, తోటివాళ్లు మా చుట్టూ చేరతారు. "అన్నా, మీ దిక్కు అడవిలో ఎవరికీ తెలియని జలపాతం ఉందంట గదా, ఆదివారం పోయి ఈత కొట్టొద్దామా?" అని అడుగుతారు. వాళ్లు అడిగేది ములుగు జిల్లా వెంకటాపురం మండలంలోని ముత్యంధార గురించి. ముత్యాలధార అని కూడా అంటారు. ఎత్తు 700 అడుగులని చెబుతారు. వీరభద్రవరం నుంచి అడవిలో నడిచి, వాగులు దాటి పోవాలి.

వాళ్ల మీద మాకు కోపం లేదు. ఎండాకాలమంతా డాంబరు వేడిలో మగ్గినవాళ్లకు చల్లని నీళ్ల మీద మనసు పోతుంది. మాకు గుచ్చుకునేది "ఎవరికీ తెలియని" అన్న మాటే. ఎవరికి తెలియని? ఆ వాగుల ఒడ్డున తరతరాలుగా కోయ గూడేలు ఉన్నాయి. పశువులు తాగింది, ఇప్పపువ్వు ఏరినవాళ్లు దాహం తీర్చుకున్నది, చేపలు పట్టింది ఆ నీళ్లలోనే. మన యువకులు కూడా ఫోన్‌లో చూసి ఇప్పుడిప్పుడే ఆ మాట అనడం మొదలుపెట్టారు కాబట్టి, ఆ నేల చరిత్ర కొంత చెప్పుకోవాలి.

వాజేడు, వెంకటాపురం గోదావరికి ఎడమ ఒడ్డున ఉన్నాయి. పాత కాగితాల్లో ఇది నూగూరు తాలూకా. 1860 దాకా నిజాం రాజ్యంలో భాగం. ఆ ఏడాది ఒప్పందంతో నిజాం ఎడమ ఒడ్డు తాలూకాలను ఇంగ్లీషువాళ్లకు ఇచ్చేశాడు. వాళ్లు వాటిని సెంట్రల్ ప్రావిన్సుల్లో కలిపారు. 1874లో దిగువన ఉన్న భద్రాచలం, రేకపల్లి మద్రాసు కిందికి పోయాయి. ఎగువన ఉన్న నూగూరు, ఆల్బాక, చెర్ల మాత్రం మరో మూడు దశాబ్దాలకు పైగా ఆగి, ఇరవయ్యో శతాబ్దం మొదట్లో మద్రాసులో చేరాయి. తర్వాత తూర్పు గోదావరి జిల్లా. 1959లో ఖమ్మం. 2016లో జయశంకర్ భూపాలపల్లి. 2019లో ములుగు. ఇన్నిసార్లు సర్కారు మారినా గూడెం పెద్దలను అడిగింది ఎన్నడు?

సర్కారు మారితే మనకేం అనుకోవద్దు. రేకపల్లి సంగతి చూడండి. సెంట్రల్ ప్రావిన్సుల కింద ఉన్నప్పుడు అక్కడ పోడుకు గొడ్డలికి నాలుగణాల పన్ను ఉండేది. మద్రాసు కిందికి పోయాక అది దాదాపు మూడు రెట్లయింది. కొన్ని అడవుల్లో పోడు కొట్టనివ్వలేదు కూడా. 1879లో రంప పితూరీ లేచినప్పుడు రేకపల్లి జనం అందులో కలవడానికి ఇదొక పెద్ద కారణం. మన పాఠ్యపుస్తకాల్లో ఆ పితూరీకి ఒకటి రెండు వాక్యాలు దొరికితే గొప్ప. నాలుగణాల ముచ్చట టీచర్లే పిల్లలకు చెప్పాలి.

ఇటు ఏటూరునాగారం నిజాందిగానే ఉండిపోయింది. అంటే గోదావరికి ఒక ఒడ్డున నిజాం, ఇంకో ఒడ్డున ఇంగ్లీషువాడు. అయినా మన చుట్టరికాలు తెగలేదు. మేడారం సమ్మక్క సారలమ్మ జాతరకు ఆ ఒడ్డు నుంచి, బస్తర్ నుంచి మనవాళ్లు ఏరు దాటి వస్తూనే ఉన్నారు. ఆ నేలను మారుమూల అనేది హైదరాబాద్ నుంచి చూసేవాళ్లే. 2016లో ఏటూరునాగారం దగ్గర గోదావరి మీద వంతెన తెరిచారు. అంతకుముందు వాజేడు పోవాలంటే భద్రాచలం చుట్టూ తిరిగిపోవాలి. వంతెన వచ్చాక బొగత జలపాతానికి బండ్లు బారులు కట్టాయి. మంచిదే, మనవాళ్లు ఆస్పత్రికి పోవడానికీ అదే వంతెన. కానీ ప్రధాన రోడ్డు దిగి లోపలికి పోతే, వాగు పొంగిన రోజున రోగిని డోలీలో మోసుకొచ్చే గూడేలు ఇంకా ఉన్నాయి.

2023 జులై 26న ముత్యంధార చూడబోయిన 80 మందికి పైగా జనం తిరుగుదారిలో వాగు పొంగి అడవిలో చిక్కుకుపోయారు. పోలీసులు, ఎన్డీఆర్ఎఫ్ వాళ్లు రాత్రివేళ పోయి బయటికి తెచ్చారు. మరునాటి పొద్దుటికి అదే జిల్లా లక్ష్మీదేవిపేటలో ఒక్క రోజులో 64.98 సెంటీమీటర్ల వాన నమోదైంది. జంపన్నవాగు పొంగి కొండాయి ఊరిని ముంచి ఎనిమిది మందిని పొట్టన పెట్టుకుంది. ఆ రోజుల్లో తుర్కపల్లి గదిలో మేం ఫోన్లు పట్టుకుని కూర్చున్నాం, ఊరికి లైను కలవలేదు. పక్కవాళ్లు టీవీలో టూరిస్టుల వార్త చూస్తున్నారు.

వాగు తెలిసినవాళ్లకు కొన్ని గుర్తులు తెలుసు. తేటగా ఉన్న నీళ్లు ఉన్నట్టుండి ఎర్రబారితే, ఆకులూ పుల్లలూ ఎక్కువగా కొట్టుకొస్తుంటే, పైన సరిహద్దు కొండల్లో వాన దంచుతున్నట్టే. మన నెత్తిన ఎండ కాస్తున్నా సరే, అప్పుడు ఒడ్డెక్కాలి. ధార పడే చోట గుండం పైకి నిమ్మళంగా కనిపిస్తుంది గానీ, కింద సుడి ఉంటుంది, బండలకు పాచి ఉంటుంది. చెరువులో ఈత నేర్చినవాడికి అక్కడి నీటి తీరు వేరు. ఇదంతా మన అవ్వలూ తాతలూ చెప్పేవాళ్లు. హాస్టళ్లలో పెరిగిన మాకు ఇందులో సగమే తెలుసు, ఒప్పుకోవడానికి సిగ్గేమీ లేదు.

1996 పెసా చట్టం, 2006 అటవీ హక్కుల చట్టం గ్రామసభకు మాట ఇచ్చాయి. జలపాతం దగ్గర టికెట్టు ఎవరు తీయాలి, దారి ఎవరు చూపాలి, ఏ నెలలో మూసెయ్యాలి అన్న సంగతులు గ్రామసభలో చర్చకు రావాలని మేం అడుగుతున్నాం.

మొన్న మళ్లీ అడిగారు. "దసరా దాటనీ, వాగులు తగ్గుతాయి. అటవీశాఖ వద్దంటే ఆగుదాం. రమ్మంటే ముందు గూడెంలో పెద్దాయనను అడుగుదాం, ఆయన మనవడు వెంట వస్తేనే పోదాం" అన్నాం. "అంత దూరం పోయి పర్మిషన్ కూడానా అన్నా?" అన్నాడొకడు. "మీ ఇంటి బావిలో దిగాలంటే మేం అడగమా?" అన్నాం. నవ్వాడు. సరేనన్నాడు.