మూల సూత్రముల ప్రామాణ్యము

ఏ శాస్త్రమునందైనను ఒక మాట సత్యమని చెప్పినవాడు దానికి కారణము చూపవలయును. ఆ కారణమునకు మరియొక కారణమును, దానికి వేరొకటియు అడుగుచు పోయినచో ప్రశ్నకు అంతముండదు. దీనినే మన తార్కికులు అనవస్థా దోషమనిరి. ఈ పరంపర ఎచ్చట ఆగునో అచ్చట నిలిచియున్న వాక్యమే మూల సూత్రము. ఇతర వాక్యములన్నియు దానిని ఆశ్రయించి నిలుచును. మరి అది దేనిని ఆశ్రయించి నిలుచును?

గ్రీకు భాషయందు మూల సూత్రమును 'ఆర్ఖే' అందురు. ఆ పదమునకు ఆరంభమనియు, అధికారమనియు రెండర్థములు కలవు. అరిస్టాటిల్ (క్రీ. పూ. 384–322) నాటికే దీనిపై వివాదము కలదు. ప్రతిదానికిని నిరూపణము కావలయును గనుక జ్ఞానమే అసాధ్యమని కొందరును, వాక్యములు ఒకదానినొకటి నిరూపించుకొనవచ్చునని కొందరును వాదించిరి. ఆయన ఈ రెండు మార్గములను నిరాకరించి, నిరూపణము లేకయే గ్రహింపబడు ప్రథమ వాక్యములు ఉండి తీరవలయునని సిద్ధాంతీకరించెను.

భారతదేశమున ఇదే ప్రశ్న ప్రమాణ చర్చగా వెలసినది. నైయాయికులు ప్రత్యక్షము, అనుమానము, ఉపమానము, శబ్దము అను నాలుగు ప్రమాణములను అంగీకరించిరి. ఆంధ్రదేశమందలి శ్రీపర్వతముతో సంప్రదాయము ముడివెట్టిన బౌద్ధాచార్యుడు నాగార్జునుడు 'విగ్రహవ్యావర్తని' యందు ప్రమాణవాదులను సూటిగా ప్రశ్నించెను. వస్తువులు ప్రమాణములచే సిద్ధించినచో, ఆ ప్రమాణములు దేనిచే సిద్ధించును? వేరు ప్రమాణములచేనన్నచో అనవస్థ తప్పదు. తమంతట తామే సిద్ధించునన్నచో, ప్రమాణము లేనిదే ఏదియు సిద్ధింపదను ప్రతిజ్ఞ భంగమగును.

ఇట్టి ఆక్షేపమునకు న్యాయ సూత్రముల ద్వితీయాధ్యాయమున త్రాసు దృష్టాంతముగా చెప్పబడినది. భాష్యకారుడగు వాత్స్యాయనుడు దానిని వివరించెను. బంగారమును తూచునపుడు త్రాసు ప్రమాణము, బంగారము ప్రమేయము. త్రాసునందే సందేహము కలిగినచో, బరువు తెలిసిన బంగారమునుంచి దానిని పరీక్షింతురు. అపుడు బంగారమే ప్రమాణము, త్రాసు ప్రమేయము. కావున ప్రమాణత్వము ఒక వస్తువునకు శాశ్వతముగా దక్కిన పదవి కాదు; ఆయా సందర్భమున అది నిర్వహించు కార్యము. నాగార్జునుని ప్రశ్న దీనితో సమసిపోలేదు. కాని ఈ దృష్టాంతమున ఎంత సత్యము కలదో గణితశాస్త్ర చరిత్ర చూపుచున్నది.

క్రీ. పూ. 300 ప్రాంతమున యూక్లిడ్ ఐదు స్వీకృత సూత్రములను, ఐదు సామాన్య సూత్రములను ముందుంచుకొని రేఖాగణితమును నిర్మించెను. స్వీకృతములలో ఐదవది సమాంతర రేఖలకు సంబంధించినది. ఒక రేఖకు వెలుపలనున్న బిందువు గుండా దానికి ఒకే సమాంతర రేఖ గీయవచ్చునని దాని సారము. మిగిలిన నాలుగింటివలె ఇది సులభముగా తోచదు. యూక్లిడ్ సైతము మొదటి 28 ప్రతిపాదనలయందు దీనిని వాడలేదు. టోలెమీ మొదలు ఒమర్ ఖయ్యాము వరకు ఎందరో దీనిని మిగిలిన వానినుండి నిరూపింప యత్నించిరి. 1733లో ఇటలీ దేశీయుడగు సచ్చేరీ, ఐదవ సూత్రము అసత్యమని ఊహించి వైరుధ్యము చూపదలచెను. వింత ఫలితములు వచ్చినవే గాని నిజమైన వైరుధ్యము రాలేదు. అయినను అవి సరళరేఖా స్వభావమునకు విరుద్ధములని ఆయన త్రోసిపుచ్చెను. కనుగొన్నదానిని నమ్ముటకు ఆయనకు మనసొప్పలేదు.

ఆ సాహసము తరువాతి శతాబ్దమున జరిగినది. ఐదవ సూత్రమును విడిచియు దోషరహితమైన రేఖాగణితము సాధ్యమని 1829లో రష్యాయందు లొబచేవ్‌స్కీ, 1832లో హంగరీ దేశీయుడగు యానోష్ బోయాయి ప్రకటించిరి. ఈ సమస్య జోలికి పోవద్దని బోయాయిని ఆయన తండ్రియే వారించియుండెను. 1854లో రీమాన్ వక్రతగల ఆకాశములకు గణితమును విస్తరించెను. 1915లో ఐన్‌స్టైన్ ఆ గణితముతోనే గురుత్వాకర్షణమును వివరించెను. బుధగ్రహ కక్ష్య నూరేండ్లకు సుమారు 43 వికలలు అధికముగా తిరుగుటకు న్యూటన్ సూత్రములలో కారణము దొరకలేదు; నూతన సిద్ధాంతమున అది సరిగా లభించినది. త్రాసును పరీక్షించిన బంగారము ఆ 43 వికలలే.

అంతమాత్రమున యూక్లిడ్‌గాని న్యూటన్‌గాని త్యాజ్యులు కాలేదు. ఇండ్లకును వంతెనలకును వారి సూత్రములే నేటికిని ఆధారము. ఎచ్చటి వరకు ఆధారపడవచ్చునో తెలియుట వలన వాని విలువ స్థిరపడినది.

వాత్స్యాయనుని దృష్టాంతము మన కాలమున అక్షరాలా జరిగినది. 1889 నుండి పారిస్ సమీపమున భద్రపరుపబడిన ప్లాటినము–ఇరిడియము దిమ్మయే లోకమునకు కిలోగ్రాము. దాని ప్రతులలో 57వది భారతదేశమునకు లభించి, న్యూఢిల్లీ జాతీయ భౌతిక ప్రయోగశాలకు చేరినది. నిర్వచనము ప్రకారము మూలపు దిమ్మ తప్పుటకు వీలులేదు. అయినను దానిని ప్రతులతో పోల్చి చూచినపుడు, సుమారు నూరేండ్లలో 50 మైక్రోగ్రాముల మేరకు భేదములు కనబడినవి. 2019 మే 20వ తేదీనుండి ఆ దిమ్మకు బదులు ప్లాంక్ స్థిరాంకము కిలోగ్రామునకు ఆధారమైనది. లోకమునంతటిని తూచిన రాయి తానును తూకమునకు వచ్చెను. మూల సూత్రమును గౌరవించుట యనగా దానిపై నిలిచి పనిచేయుటయు, సందేహము కలిగిననాడు దానిని త్రాసునందుంచుటకు వెనుదీయకుండుటయు.