మొలకలపై మీమాంస

మా విశాఖపట్నంలో రామకృష్ణా బీచి వెంబడి ఉదయపు నడకకు వచ్చేవారిలో రెండు వర్గాలున్నాయి. నడక ముగియగానే నిమ్మరసం పిండిన మొలకెత్తిన పెసలు, శనగలు కొనుక్కొని శ్రద్ధగా నమిలేవారు ఒక వర్గం. ఆ వంకయినా చూడక ఇడ్లీబండి దగ్గరకు నడిచేవారు రెండవ వర్గం. మొదటివారికి మొలక అమృతం; రెండవవారికి పశువుల మేత. ఈ వాదం నిన్నమొన్నటిదేమీ కాదు. దీని చరిత్రలో ఒక తెలుగువాడికి ముఖ్యమైన పాత్ర ఉంది. ఆ సంగతి అంతగా ప్రచారంలో లేదు కనుక ఈ టపా.

ముందు శాస్త్రపక్షం చూద్దాం. మొలకెత్తిన ధాన్యానికి మన వైద్యగ్రంథాలలో ‘విరూఢకం’ అని పేరు. ‘రుహ్’ ధాతువుకు మొలుచుట, పెరుగుట అని అర్థం. అన్నపానాల గుణదోషాలను వివరించే సుశ్రుతసంహిత సూత్రస్థానం 46వ అధ్యాయంలో విరూఢకానికి మంచిమాట దక్కలేదు. అది అరగడానికి బరువనీ, మంట పుట్టిస్తుందనీ, కడుపు బిగదీస్తుందనీ, కంటిచూపుకు చెరుపనీ అక్కడ చెప్పారు. చరకుడు, వాగ్భటుడు కూడ కొన్ని మాంసాలతో దానిని కలిపి తినడాన్ని విరుద్ధాహారాల పట్టికలో చేర్చారు. “పచ్చి మొలకలు తింటే వాతం” అని మన ఇళ్ళలో పెద్దవాళ్ళు చెప్పే మాట వెనుక ఇంత దూరపు దారి ఉంది.

ఆచారం సంగతి చూస్తే మొలకకు మనవాళ్ళిచ్చిన స్థానం వంటింట్లో కంటె పూజాస్థలంలోనే ఎక్కువ. పెళ్ళిలోను, దేవాలయోత్సవాలలోను అంకురార్పణం చేసి పాలికలలో నవధాన్యాలను మొలిపిస్తారు. ఆ తరువాత నీటిలో కలిపేస్తారే గాని తినరు. శ్రావణమాసపు వాయనాలకు నానబెట్టిన శనగలు, శ్రీరామనవమికి వడపప్పు, దసరా రోజులలో ఉడికించిన గుగ్గిళ్ళు ఉన్నాయి. చోళ్ళను మొలకెత్తించి, ఎండబెట్టి, పిండి పట్టించి పసిబిడ్డలకు జావ కాచి పోస్తారు. నానబెట్టడం, ఉడికించడం, మొలకను ఎండబెట్టి కాచడం మనకు పరిచితమే. పచ్చి మొలకలతోనే పూట గడుపుకోవడం మాత్రం మన సంప్రదాయం కాదు.

మొలకకు తొలి ప్రశంసలు వైద్యుల కంటె ఓడలవారి వద్ద లభించాయి. రేవుపట్టణంలో ఉంటున్నందున ఈ భాగం నాకు మరింత ఆసక్తి కలిగించింది. నెలల తరబడి సముద్రం మీద ఉండే నావికులకు చిగుళ్ళు వాచి, నెత్తురు కారి, ప్రాణాలు తీసే స్కర్వీ వ్యాధి వచ్చేది. 1768లో బయలుదేరిన కెప్టెన్ కుక్ తన ఓడలో మొలకెత్తించి ఎండబెట్టిన బార్లీని తీసుకువెళ్ళాడు. దాని కషాయం స్కర్వీకి మంచి మందని మెచ్చుకున్నాడు. నిజానికి ఎండబెట్టేటప్పుడే అందులోని సి విటమిను నశిస్తుంది. మొదటి ప్రపంచయుద్ధంలో మెసొపొటేమియాకు వెళ్ళిన భారతీయ సైనికులను ఇదే వ్యాధి పీడించింది. ఆ కాలంలో లండనులోని లిస్టర్ సంస్థలో హారియెట్ చిక్ అనే శాస్త్రజ్ఞురాలు పరిశోధన చేసి, ఎండు గింజలో లేని స్కర్వీ నిరోధకశక్తి పచ్చి మొలకలో పుడుతుందని చూపింది. ఒకే మొలక ఎండితే ఒక ఫలితం, పచ్చిగా ఉంటే మరొక ఫలితం అన్నమాట.

ఇక తెలుగువాడి పాత్ర. లూయీ కూనే అనే జర్మను దేశీయుని ప్రకృతిచికిత్సా గ్రంథాన్ని 1894లోనే ద్రోణంరాజు వేంకటాచలపతి శర్మగారు తెనిగించారు. తొట్టిస్నానాలు, ఆవిరిస్నానాలు, పథ్యాలు ఆ విధంగా మన నేల మీదికి వచ్చాయి. ఆ మార్గంలోనివారే రాజమహేంద్రవరానికి చెందిన సుందరం గోపాలరావుగారు. 1929 వేసవిలో గాంధీజీ ఖద్దరు నిధికోసం ఆంధ్రదేశంలో పర్యటించినప్పుడు వీరిని కలుసుకున్నారు. తొట్టిస్నానాల వంటివి కూడ కృత్రిమములేననీ, రోగం పోవాలంటే ఆహారానికి నిప్పు తగలనీయరాదనీ, జంతువుల వలె సజీవంగానే తినాలనీ గోపాలరావుగారి సిద్ధాంతం.

గాంధీజీకి ఈ మాట పూర్తిగా కొత్త కాదు. లండనులో చదివిన రోజులలో అక్కడి శాకాహార సంఘపు ప్రముఖుడు, థేమ్స్ నది ఒడ్డున ఓడలు కట్టించే కర్మాగారపు అధిపతి ఎ. ఎఫ్. హిల్స్ ‘ప్రాణాహార’ వాదాన్ని ప్రచారం చేసేవాడు. 1893లో ప్రిటోరియాలో గాంధీజీ దానిని ప్రయత్నించి చూశారు. అది పట్టుమని రెండు వారాలు కూడ సాగలేదు. 36 ఏళ్ళ తరువాత రాజమహేంద్రవరం వైద్యుని మాటతో ఆ పాత కోరిక మళ్ళీ మొలకెత్తింది.

1929 జూన్ ‘యంగ్ ఇండియా’లో ఆయన తన రోజువారీ ఆహారాన్ని తూకాలతో సహా ప్రకటించారు. 8 తులాల మొలకెత్తిన గోధుమలు, 8 తులాల బాదంపప్పు ముద్ద, 8 తులాల ఆకుకూర ముద్ద, 6 నిమ్మకాయలు, 2 ఔన్సుల తేనె. వారానికి రెండు మూడు సార్లు గోధుమలకు బదులు మొలకెత్తిన శనగలు. 8 తులాలంటే నేటి లెక్కలో సుమారు 93 గ్రాములు. ఆశ్రమవాసులు కొందరు ఆయనను అనుసరించారు. బరువు తగ్గింది, నీరసం వచ్చింది. చివరకు ఆగస్టులో రక్తగ్రహణి పట్టుకోగా ప్రయోగం ఆగిపోయింది. మేకపాలు మళ్ళీ వచ్చాయి. ఆరంభాన్ని ఏ పత్రికలో ప్రకటించారో, భంగాన్నీ ఆ పత్రికలోనే ప్రకటించారు. ప్రకృతిచికిత్స మీద విశ్వాసం మాత్రం సడలలేదు. 1946లో ఉరుళీ కాంచన్‌లో ప్రకృతిచికిత్సాలయాన్ని ఆరంభించారు.

తరువాతి కాలంలో తెలుగునాట మొలకలను ఇంటింటికీ చేర్చిన ఘనత మంతెన సత్యనారాయణరాజుగారిది. ఉప్పు, నూనె లేని భోజనంతో పాటు మొలకలనూ ఆయన పుస్తకాలలోను, దూరదర్శినుల మీద ప్రసంగాలలోను బోధించారు. వేల మంది అనుసరించారు. వేల మంది పరిహసించారు. ఈలోగా విదేశాలనుండి కొత్త హెచ్చరిక వచ్చింది. 1996లో జపానులోని సకాయి నగరంలో వేలాది బడిపిల్లలు జబ్బుపడగా ముల్లంగి మొలకల మీద అనుమానం పడింది. 2011లో జర్మనీలో మెంతి మొలకల ద్వారా వ్యాపించిన సూక్ష్మక్రిమి 50 మందికి పైగా ప్రాణాలు తీసింది. గింజ మొలకెత్తడానికి కావలసిన తడి, వెచ్చదనమే క్రిమి పెరగడానికీ అనుకూలం. అందుకే గర్భిణులు, పసివారు, వృద్ధులు మొలకలను ఉడికించి తినడం మేలని వైద్యులు చెబుతున్నారు.

ఇంత చూశాక రెండు పక్షాలలో ఎవరిది తప్పు? సుశ్రుతుడు అరుగుదలను చూశాడు. హారియెట్ చిక్ పండూ కూరా దొరకని సైనికుణ్ణి చూసింది. ఇద్దరి ముందూ ఉన్న మనిషి ఒకడు కాడు. మొలక మంచిదా చెడ్డదా అనే ప్రశ్నే అసంపూర్ణం. ఎవరికి, ఎంత, పచ్చిగానా ఉడికించా, దేనికి బదులుగా అని కూడ అడగాలి. కూరలతో పాటు గుప్పెడు మొలకలు తినే ఆరోగ్యవంతునికి భయమేమీ లేదు. మధుమేహానికి డాక్టరిచ్చిన మందు మానేసి, మొలకలే చికిత్స అనుకొన్నవారిని మాత్రం నేను చూశాను. ప్రమాదం మొలకలో లేదు, ఆ ‘బదులు’లో ఉంది.

నేటి ఆహారప్రచారాలలో ప్రారంభాలు వినిపించినంతగా పర్యవసానాలు వినిపించవు. తూచి తిన్నదీ, తిని పడినదీ రెండూ బయటపెట్టినవాడు గాంధీజీ. మొలకలపై వాదించే ఉభయపక్షాల మిత్రులూ ఈ ఒక్క విషయంలో ఆయనను అనుసరిస్తే, మనలో చాలా వాదాలు వాటంతటవే తీరుతాయి.