రుతువిరతి

పన్నెండు నెలలు వరుసగా ముట్టు రాకపోతే దాన్ని రుతువిరతిగా లెక్కిస్తారు. అండాశయాల్లో ఈస్ట్రోజెన్ అనే హార్మోన్ ఉత్పత్తి పడిపోవడం దీనికి మూలం. సాధారణంగా 45–55 ఏళ్ల మధ్య వస్తుంది. ఒంట్లోంచి ఉన్నట్టుండి ఆవిర్లు, రాత్రి చెమటలు, నిద్రలేమి, యోని పొడిబారడం ముఖ్య లక్షణాలు.

ఆపరేషన్‌తో గర్భసంచి తీసేసినా ముట్టు ఆగిపోతుంది; తెలుగు రాష్ట్రాల్లో ఈ తొలగింపులు ఎక్కువ. 2015–16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15–49 ఏళ్ల స్త్రీలలో ఆంధ్రప్రదేశ్‌లో 8.9, తెలంగాణలో 7.7 శాతం మందికి ఈ ఆపరేషన్ జరిగినట్టు తేలింది. దేశ సగటు 3.2 మాత్రమే. గర్భసంచి ఒక్కటే తీస్తే ముట్టు ఆగుతుంది గానీ హార్మోన్లు వెంటనే ఆగవు. అండాశయాలూ తీసేస్తే లక్షణాలు ఒక్కసారిగా, తీవ్రంగా మొదలవుతాయి. ఈ తేడాను ఆపరేషన్‌కు ముందే వివరించాలి.

ఆవిర్లకు అన్నిటికన్నా బాగా పనిచేసేది హార్మోన్ చికిత్స. రొమ్ము క్యాన్సర్ వంటి ముప్పులు పెరిగాయని 2002లో అమెరికాలోని ఉమెన్స్ హెల్త్ ఇనిషియేటివ్ అధ్యయనం ప్రకటించాక దాని వాడకం బాగా తగ్గింది. ఆ భయం అవసరానికి మించి పాకిందనే చెప్పాలి: అరవై దాటనివారిలో, ముట్లుడిగి పదేళ్లు కానివారిలో చాలామందికి ముప్పు కన్నా మేలే ఎక్కువ. రొమ్ము క్యాన్సర్ వచ్చినవారికి మాత్రం సాధారణంగా ఇవ్వరు.

ఈస్ట్రోజెన్ తగ్గితే ఎముకలు గుల్లబారతాయి. వారానికి 150 నిమిషాల చురుకైన నడకతో పాటు రెండు రోజులు బరువులెత్తే వ్యాయామం అవసరం; ఇంటిచాకిరీ దానికి బదులు కాదు. రాగులు, నువ్వులు, పెరుగు కాల్షియమిస్తాయి. ముట్లుడిగాక మళ్లీ రక్తం కనిపిస్తే కొద్దిపాటిదైనా డాక్టరు చూడాల్సిందే.