తొలి ఐప్యాడ్ నేర్పిన వివేకము

2010 ఏప్రిల్ 3వ తేదీన అమెరికాలో 499 డాలర్ల ప్రారంభ ధరకు విక్రయమునకు వచ్చిన యాపిల్ సంస్థవారి తొలి ఐప్యాడ్, దాదాపు పదినెలల పిదప, 2011 జనవరి మాసాంతమున, 27,900 రూపాయల కనిష్ఠ మూల్యముతో భారతదేశపు విపణిని చేరెను. దానిని వెంటనే కొనవలెనా, వేచియుండవలెనా యని మనవారు తర్కించుచుండగనే, మార్చి 2వ తేదీన యాపిల్ అధినేత స్టీవ్ జాబ్స్ శాన్‌ఫ్రాన్సిస్కోలో, మరింత పలుచనై, వేగవంతమై, మొదటిదానిలో లేని కెమెరాలను గూడ ధరించిన రెండవ ఐప్యాడును అదే డాలరు ధరకు ప్రకటించెను. 2012లో వెలువడిన ఐఓఎస్ 6 అను నూతన నిర్వాహక వ్యవస్థ తొలి ఐప్యాడునకు లభింపనే లేదు.

ఉపకరణముయొక్క ఆయుర్దాయము అది మన చేతికందిన దినమునుండి గాక, లోకమున విడుదలైన దినమునుండియే లెక్కింపబడునని గ్రహించి, విద్యకో వృత్తికో అవసరమున్నవారు తొలినాళ్లలోనే కొనుటయు, తక్కినవారు తరువాతి తరమునకై ఓర్పు వహించుటయు వివేకమని ఈ చరిత్ర బోధించుచున్నది.